క్షారవర్మ పక్షం

"యుద్ధం వేయాలండీ."

అర్మాన్ కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తలేదు. తెర మీద ఎవరో చంటిబాబు మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ నడుస్తోంది. బాబు చుట్టూ ఇప్పటికే మేనమామలందరూ చేరిపోయారు. పొద్దున ఫోన్ చేసి అలిగిన ఇంకో మేనమామకు బాబు చెవి పక్కన కాస్త చోటు దొరుకుతుందేమోనని అర్మాన్ వెతుకుతున్నాడు.

"ఎప్పటికి కావాలి?" అన్నాడు.

"సూర్యోదయానికి."

"రేపు పొద్దున్నే అంటే కుదరదు మేడం. మధ్యాహ్నం నుంచి కరెంటు ఉండదంటున్నారు."

"సూర్యోదయానికి మొదలయ్యేది యుద్ధం. ఫ్లెక్సీ వచ్చే వారానికి చాలు."

అప్పుడు ఎత్తాడు తల. ఎదురుగా ఆకుపచ్చ స్కార్ఫ్, భుజాన టిఫిన్ సంచి, నెల్లూరు బస్సు దిగి నేరుగా వచ్చిన మొహం. ఆ మొహంలో నవ్వు లేదు. కళ్ళలో మాత్రం ఉందేమోనని అర్మాన్‌కి అనుమానం వచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి ఇంకోసారి చూశాడు. ఆ రెండో చూపు ఆర్డరు కోసం కాదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"ఎవరెవరికి గొడవ మేడం?"

"ఉప్పుగోడ వాళ్ళకి, సరస్సు వాళ్ళకి."

"రొయ్యల గుంటల దగ్గరా?"

"ఈ లోకంలోనే కాదు."

"అయితే మన మండలం కాదన్నమాట." కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "పేరు చెప్పండి, ఆర్డరు ఎక్కించుకుంటా."

"కెరటం."

"ఇంటిపేరా?"

"కలం పేరు. కథలు రాస్తాను. మీకు చదివే అలవాటు ఉందా?"

"నేను వేసిన ఫ్లెక్సీలన్నీ చదువుతా మేడం. అచ్చుతప్పులుంటే డబ్బులివ్వరు."

"అయితే ఇదీ చదవండి. చదవకుండా బొమ్మ వేస్తే నేనూ ఇవ్వను."

ఫోన్‌లో అతని నంబరు ఎక్కించుకుని, పెద్ద ఫైలు ఒకటి పంపి, అతను సైజు అడిగేలోపే వెళ్ళిపోయింది. మేనమామ సంగతి అర్మాన్ మర్చిపోయాడు.

ఆమె అసలు పేరు సాహిరా. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో లెక్కలు చూస్తుంది. లెక్కలు చూడని వేళల్లో, అంటే పోయే బస్సులోనూ వచ్చే బస్సులోనూ, ఫోన్‌లో టైపు చేస్తూ రాజ్యాలు కడుతుంది, కూలుస్తుంది. కథల యాప్‌లో ఆమె రాసే 'ఉప్పుగోడ యుద్ధం' సీరియల్‌కు వేలమంది పాఠకులున్నారు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. పిల్ల ఫోన్‌కు అతుక్కుపోతోందని మాత్రమే వాళ్ళ నాయనకు తెలుసు. ఇప్పుడా సీరియల్ పుస్తకంగా రాబోతోంది. ప్రెస్సులో అంతా సిద్ధం, ఆఖరి అధ్యాయం తప్ప. అది ఆమె ఇంకా రాయలేదు. నెల్లూరులో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ. ఆ హాలు ముందు కట్టడానికే ఈ ఫ్లెక్సీ.

కథ ఇదీ. చక్రవర్తి క్షారవర్మ, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పుతో ఆకాశమంత గోడ కట్టించాడు. ఇక సరస్సులోకి చేప రాదు, సరస్సు నుంచి పడవ పోదు. ఆకలికి తాళలేక సరస్సు జనం తిరగబడ్డారు. వాళ్ళ నాయకురాలు తరంగిణి. ఆమె ఎవరో కాదు, తండ్రితో తగవుపడి గోడ దాటి వచ్చేసిన క్షారవర్మ కన్నకూతురు. తండ్రి వైపు ఏనుగులు, కూతురు వైపు మొసళ్ళు.

అర్మాన్‌ది కోవూరు. వాళ్ళ నాన్న గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, కొడుకు ఆ ఫ్లెక్సీల పనే పట్టుకున్నాడు. పోయిన ఎండాకాలంలో అల్లూరు బజారులో షాపు తెరిచాడు. ఊళ్ళో మొహాలన్నీ అతని కంప్యూటర్లో ఉన్నాయి. ఎవరు ఎవరి పిల్లలో మాత్రం ఇంకా తెలియదు. ఈ చిన్న లోటు అతని ప్రాణం మీదికి తెచ్చింది. అది తర్వాత చెప్పుకుందాం.

మర్నాడు సాయంత్రం బస్సులో ఉన్న సాహిరాకు మెసేజ్ వచ్చింది.

"మేడం, ఒక డౌటు."

"అడగండి."

"క్షారవర్మది తప్పేముంది?"

సాహిరా సీట్లో నిటారుగా కూర్చుంది. "ఊరందరి కడుపు కొట్టాడు. చాలదా?"

"మీ తరంగిణి మొసళ్ళను తోలుకొచ్చి నిద్రపోతున్న ఏనుగుల మీద పడింది. దాన్ని యుద్ధమంటారా?"

"వ్యూహం అంటారు."

"మా వాళ్ళు కళ్ళు కూడా తెరవకముందే?"

"మా వాళ్ళా! మీరెప్పుడు చేరారు ఆ సైన్యంలో?"

"మూడో అధ్యాయంలో. పాపం, ఆయన వైపు ఎవరూ లేరని."

పక్క సీటు ఆవిడ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది సాహిరా. వేలమంది పాఠకుల్లో ఒక్కడంటే ఒక్కడు కూడా ఇంతవరకు క్షారవర్మను వెనకేసుకు రాలేదు. తరంగిణి గెలవాలని హోమాలు చేస్తామన్న వాళ్ళున్నారు, దువా చేస్తామన్న వాళ్ళున్నారు. ఈ ఫ్లెక్సీల మనిషి ఒక్కడే అవతలి పక్షం. ఒళ్ళు మండాలి కదా? మండలేదు. మరుసటి రోజు బస్సెక్కగానే ముందుగా ఫోన్ చూసుకుంది, మెసేజ్ వచ్చిందేమోనని.

వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఏనుగులకు మేత ఎవరు పెడుతున్నారని ఒకసారి, మొసలి మీద కూర్చుంటే చీర తడవదా అని ఇంకోసారి. "తరంగిణి చీర కట్టదు" అని ఆమె, "అయితే బొమ్మలో ఏం కట్టించాలి?" అని అతను. ఫ్లెక్సీ పని ఒక అంగుళం కూడా ముందుకు కదల్లేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వారంలో ఒక సాయంత్రం బస్సు దిగేసరికి కుండపోతగా వాన. సాహిరా పరుగెత్తుకుంటూ వచ్చి అర్మాన్ షాపులో దూరింది. బస్టాండు ఎదురుగానే మందుల షాపుంది, దాని పక్కన బేకరీ ఉంది. ఆ రెండూ ఆమెకు కనబడలేదట.

అర్మాన్ ఆమెకు కుర్చీ వేసి, టీ కొట్టు మస్తాన్‌ను కేకేసి రెండు టీలు చెప్పాడు.

"యుద్ధం ఎంతవరకు వచ్చింది?" అంది సాహిరా, స్కార్ఫ్ అంచు పిండుకుంటూ.

"చదవడం అయిపోయింది. మీరు ఆఖరి చాప్టర్ రాయడమే ఆలస్యం. ఏం చేస్తారు మా రాజుని?"

"చంపేస్తా."

"అన్యాయం!"

"పాఠకులంతా అదే అడుగుతున్నారు. దుర్మార్గుడు చావాలి. గోడ కూలాలి. గోడ కిందే పడి చావాలి."

"దుర్మార్గుడైతే రోజూ సాయంత్రం ఆ గోడెందుకు ఎక్కుతాడు?" అర్మాన్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "సరస్సులో పడవ దీపాలన్నీ వెలిగేదాకా ఎందుకు దిగడు?"

"శత్రువు బలం లెక్కపెట్టడానికి."

"లెక్కపెట్టడానికైతే మంత్రిని పంపుతాడు మేడం. తనే ఎక్కుతున్నాడంటే కూతురి దీపం కోసమే. అది వెలిగాకే అన్నానికి పోతాడు. ఆయనకున్నది కోపం కాదు, భయం. రాసింది మీరే కదా!"

అలా రాశానని సాహిరాకే తెలియదు. వాన చినుకులు షట్టరు మీద టపటపలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

"దిగినా నాయనా. వాన, అందుకే ఆగినా. ఆఁ, తల తడవలేదు. వస్తున్నా." ఫోన్ పెట్టి నిట్టూర్చింది. "మా నాయన. బస్సెక్కితే ఒక ఫోను, కోవూరు వస్తే ఒక ఫోను, దిగితే ఒక ఫోను. చెన్నైలో మంచి ఉద్యోగం వస్తే పోనివ్వలేదు. సంబంధాలు కూడా అంతే. అల్లూరు దాటిందంటే పేరు కూడా వినడు."

అర్మాన్ టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"కోవూరు కూడా దాటినట్టేనా?"

"కోవూరు నుంచి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. ఊరికే, జనరల్ నాలెడ్జ్."

ఆమె లేచి వానలోకి చూసింది. వాన తగ్గలేదు, అయినా గడప దిగింది. దిగుతూ వెనక్కి తిరిగి, "క్షారవర్మ మొహం జాగ్రత్తగా వేయండి. ఎవరి పోలికా ఉండకూడదు. ఎలా ఉంటాడో రెండో అధ్యాయంలో రాశాను," అంది.

రాసింది నిజమే. గోరింటాకు పండిన గడ్డం, మధ్యలో ఒక తెల్లటి పాయ. కుడి కనుబొమ్మలో చీలిక. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తెలిసినా చివరిదాకా వినేవాడి చూపు.

అర్మాన్ ఆ నాలుగు ముక్కలూ చదివి, ఈయన్ని నేనెక్కడో చూశానే అనుకున్నాడు. కంప్యూటర్లో పాత ఫైళ్ళు తిరగేశాడు. మసీదు కమిటీ వాళ్ళ రంజాన్ శుభాకాంక్షల ఫ్లెక్సీలో దొరికాడు చక్రవర్తి. అదే గడ్డం, అదే పాయ, అదే కనుబొమ్మ. బజారులో వలలూ తాళ్ళూ అమ్మే చాంద్ బాషా గారు. అర్మాన్ సంతోషం పట్టలేకపోయాడు. ఆయన తలకు కిరీటం పెట్టి, ఒంటికి కవచం తొడిగి, చేతికి కత్తి ఇచ్చాడు. కిరీటం పెట్టాక ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాడు. మనుషులకు కిరీటాలు పెట్టిన ఫ్లెక్సీలు చూస్తూ పెరిగిన ఊరది. అందులో మొహం గుర్తుపట్టడం పసిపిల్లలకు కూడా వచ్చు.

అంతటితో ఆగినా బాగుండేది. కింద వరసలో శ్రేయోభిలాషుల ఫొటోలు లేని ఫ్లెక్సీ అర్మాన్ చేతుల్లోంచి ఇంతవరకు బయటికి రాలేదు. అలవాటుకొద్దీ ఇక్కడ కూడా కింద గుండ్రాలు గీశాడు. గుండ్రాల్లో క్షారవర్మ సేనాపతులను పెట్టాలి. రంజాన్ ఫ్లెక్సీ తెరిచే ఉంది. దాని పక్కన ఆటో స్టాండు వాళ్ళ దసరా ఫ్లెక్సీ కూడా ఉంది. పైన పెద్ద అక్షరాలతో రాశాడు: 'కన్నకూతురి మీదే కత్తి దూసిన చక్రవర్తి!'

ప్రింటయ్యాక సిరా ఆరి వాసన పోయేదాకా ఫ్లెక్సీని షాపు ముందు వేలాడదీయడం అతని పద్ధతి. ఆ రోజు సాయంత్రం కూడా నిచ్చెన వేసి వేలాడదీశాడు.

మొదట చూసింది మస్తాన్. చేతిలో టీ గ్లాసుల స్టాండుతో అలాగే నిలబడిపోయాడు.

"ఏందబ్బా ఇది! బాషా అన్న ఎలక్షన్లో నిలబడుతుండాడా?"

"నిలబడితే మనకి చెప్పడా?" అంటూ ఆటో చెంచయ్య దగ్గరికొచ్చాడు. కింద వరసలో తన మొహం చూసుకుని అతని గొంతు మారిపోయింది. "ఒరే, నేను కూడా ఉండానే! సేనాపతి శంఖనాదుడంట. ఫొటో బాగొచ్చింది కదా?"

"నన్ను ఏనుగుల మేతగాడిని చేసినాడు చూడు," అన్నాడు మస్తాన్, మొహం ముడుచుకుని.

నిచ్చెన మీద అర్మాన్‌కు చెమటలు పట్టాయి. జనం పోగయ్యారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఇంతలో వలల కొట్టు వైపు నుంచి, భుజాన తువ్వాలుతో, చాంద్ బాషా గారే నడిచి వచ్చారు. జనం దారి ఇచ్చారు. ఆయన తన మొహాన్ని తాను కింది నుంచి పై దాకా చూసుకున్నారు. తర్వాత అక్షరాలు, కింద రచయిత్రి పేరు చదివారు.

"కన్నకూతురి మీదే..." అని ఆగిపోయారు. "ఎవురబ్బా రాసింది? ఎవురీ కెరటం?"

నెల్లూరు బస్సు ఆగింది. సాహిరా దిగింది, తల ఎత్తింది, టిఫిన్ సంచి జారవిడిచింది.

"నాయనా!"

ఆ ఒక్క పిలుపుతో అర్మాన్‌కు అంతా తెలిసిపోయింది. నిచ్చెన మీది నుంచే ఫ్లెక్సీ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. చాంద్ బాషా కూతురిని చూశారు, ఫ్లెక్సీని చూశారు, మళ్ళీ కూతురిని చూశారు.

"ఇంటికి పోదాం రా," అన్నారు. అంతే.

ఇంట్లో ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. తువ్వాలు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

"నేను కత్తి దూసినానా నీ మీద?"

"లేదు నాయనా. అది కథ. ఆయన వేరే."

"వేరే యాడుండాడు?" అంది వంటింటి గడపలోంచి తల్లి ఆమినాబీ. "నాకు మొదటి భాగంలోనే తెలిసిపాయె. ఆ రాజు నిమ్మకాయ పిండుకోకుండా ముద్ద ఎత్తడు. అట్టాంటి రాజు ఈ ఇంట్లో తప్ప యాడుండాడు?"

తండ్రీకూతుళ్ళిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వు చదువుతుండావా?" అన్నారాయన.

"ఊళ్ళో ఆడోళ్ళంతా చదువుతుండారు. చికెన్ కొట్టు జబీనా తరంగిణి పక్షం. నేను కూడా."

చాంద్ బాషా ఆ దెబ్బకు తువ్వాలు పక్కన పడేశారు. "బజారంతా నన్ను చూసి నవ్వుతుండారు. పిల్లను నేనేదో కష్టపెట్టినట్టు. ఆ పుస్తకం రాకూడదు సాహిరా."

నాలుగేళ్ళు బస్సుల్లో ఊగుతూ రాసిన పుస్తకం అది. అయినా నాయన మొహం చూశాక సాహిరా ఎదురు చెప్పలేకపోయింది. ఆయనకు కోపమైతే తిరగబడి ఉండేది. ఆయన బాధపడ్డారు.

"నీకు ఇష్టం లేకుండా రాదు," అంది. అక్కడే ప్రెస్సుకు ఫోన్ చేసి పని ఆపమని చెప్పింది.

అర్మాన్‌కు ఒక్క మెసేజ్ వచ్చింది. "మీ చక్రవర్తి గెలిచాడు. పుస్తకం రావడం లేదు." అతను పంపిన క్షమాపణలకు జవాబు లేదు. అవి చాలానే ఉన్నాయి. సాయంత్రం బస్సు వచ్చినప్పుడల్లా అతను తల ఎత్తి చూశాడు. ఆమె షాపు వైపు చూడకుండా నడిచిపోయింది. ఆ అమ్మాయి అంటే తనకు ఇష్టమని, ఏనుగుల గురించి అడగడానికి కాదు తను మెసేజ్‌లు పెట్టిందని, అర్మాన్‌కు అప్పుడు గానీ తెలియలేదు. మంచి సమయంలోనే తెలిసింది!

చుట్టచుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని వలల కొట్టుకు వెళ్ళాడు.

"అస్సలాము అలైకుం చాచా. తప్పు నాది. ఫొటో పెట్టింది నేను. ఆమెకు తెలియదు. మీరామెకు నాయన అని నాకు తెలియదు. తిట్టదలిస్తే నన్ను తిట్టండి. పుస్తకం ఆపొద్దు."

చాంద్ బాషా తాడు కొలుస్తూ అతను చెప్పేది చివరిదాకా విన్నారు.

"నువ్వు చదివినావా అది?"

"రెండుసార్లు."

"ఆ రాజు అంత చెడ్డోడా?"

"నేను ఆయన పక్షమే చాచా. మొదటి నుంచి."

తాడు కొలవడం ఆగింది. బజారులో ఇన్ని రోజులుగా తన వైపు మాట్లాడిన మొదటి మనిషి వీడే అనిపించిందేమో పెద్దాయనకు. స్టూలు చూపించారు.

"చదవబ్బా, విందాం. నా కళ్ళజోడు ఇంట్లో ఉంది."

కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది. అర్మాన్ చూశాడు, చూడనట్టే ఊరుకుని ఫోన్ తెరిచాడు.

ఆ మధ్యాహ్నం మొదలైన చదువు రోజూ సాగింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక బజారులో బేరాలు పలచబడే వేళ, అర్మాన్ షట్టరు సగం దించి వలల కొట్టుకు చేరేవాడు. మొదటి రోజు చాంద్ బాషా మౌనంగా విన్నారు. రెండో రోజు, "ఆ మంత్రిని నమ్మబాకండ్రా," అన్నారు. మూడో రోజుకు తాళ్ళ చుట్టలు కొండలయ్యాయి, వలకు కట్టే సీసపు గుండ్లు సైన్యాలయ్యాయి, గల్లాపెట్టె ఉప్పుగోడ అయింది. చెంచయ్య ఆటో పక్కన పెట్టి వచ్చి తన సేనాపతి ఎక్కడున్నాడని అడిగేవాడు. ఒకసారి శంఖనాదుడు భయపడి పారిపోయాడని తెలిసి, ఆ పూట టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గోడెక్కే ఘట్టం వచ్చింది. క్షారవర్మ ముసలి మోకాళ్ళతో ఒక్కో మెట్టూ ఎక్కడం, చీకటి పడుతున్న సరస్సు మీద ఒక్కో దీపాన్నీ చూడడం, చివరి దీపం వెలిగాక ఎవరికీ వినబడకుండా 'ఆఁ, చేరింది' అనుకోవడం. అర్మాన్ చదివి ఆగాడు. చాంద్ బాషా వీధి వైపు చూస్తున్నారు. రోజూ సాయంత్రం ఆయన నిలబడే చోటు అది, బస్సు కనబడే చోటు.

"ఇది ఆ పిల్ల రాసిందా, నువ్వు కలిపినావా?"

"ఆమే రాసింది చాచా. ఒక్క అక్షరం కూడా నాది కాదు."

"నన్ను చూస్తానే ఉండిందన్నమాట," అన్నారాయన. ఆ రోజు ఇంకేమీ చదవనివ్వలేదు.

శనివారం సాహిరాకు ఆఫీసు సగం పూటే. కోవూరు దాటినా నాయన ఫోన్ రాలేదు. అల్లూరులో దిగినా రాలేదు. బస్టాండు నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వలల కొట్టుకు వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏనుగుల్ని వెనక్కి తియ్యబ్బా!" నాయన అరుస్తున్నారు. "బురదలో దిగబడతాయి! నా మాట వినేవాడే లేడు ఈ సైన్యంలో!"

"తీయడానికి లేదు చాచా. ఆమె ఆల్రెడీ రాసేసింది."

"రాస్తే? యుద్ధం తెలుసా ఆమెకి?"

"నాయనా!"

ఫోన్ దాచాలో, తాళ్ళ చుట్టలు సర్దాలో తెలియక ఇద్దరూ కలిసి గల్లాపెట్టె మీద చేతులు వేశారు. సాహిరా ఒకరి తర్వాత ఒకర్ని చూసింది.

"ఫోన్ చేయలేదేం నాయనా? నాకు ప్రాణం పోయింది."

చాంద్ బాషా గోడ గడియారం చూసి నాలుక కరుచుకున్నారు. యుద్ధంలో పడి కూతురి బస్సు మర్చిపోయారు. ఆమె పుట్టాక ఇదే మొదటిసారి. ఆమె మాత్రం క్షేమంగా ఎదురుగా నిలబడి ఉంది.

"మీరు," అంది సాహిరా అర్మాన్ వైపు తిరిగి, "మా నాయన్ని కూడా చెడగొట్టారా?"

"నేను కాదు మేడం. ఆయన నా పై అధికారి."

"కూచో," అన్నారు చాంద్ బాషా. ఆమె కూర్చుంది. ఆయన తువ్వాలు తీశారు, మడతపెట్టబోయి మానుకున్నారు. "ఆఖరి అధ్యాయం రాయలేదంటగా. ఏం చేద్దామనుకున్నావు ఆ రాజుని?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "గోడ కింద పడి చస్తాడనుకున్నా."

"ఆ గోడ పోవాల్సిందేనా?"

"పోవాల్సిందే నాయనా."

"గోడ పోతే ఆ పిల్ల సముద్రంలోకి పోతుంది. మళ్ళీ వస్తుందని ఏంది నమ్మకం?"

అర్మాన్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. సాహిరా కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

"గోడ ఉంటే అది దాటి పారిపోవాల్సి వస్తుంది. పారిపోయినోళ్ళు తిరిగి రాలేరు నాయనా. నువ్వే దారి ఇచ్చి పంపిస్తే, ఎంత దూరం పోయినా వస్తుంది. నీ దీపం కోసం ఆ పిల్ల కూడా చూస్తా ఉంటుంది."

చాంద్ బాషా వలల వైపు తిరిగారు. గడ్డం నిమురుకున్నారు.

"అచ్చుకి ఇవ్వు," అన్నారు. "కానీ ఆ గోడ ఆమె మొసళ్ళు పడగొట్టడానికి లేదు. రాజే పడగొడతాడు. తన చేతులతో. ఆ పని శత్రువులకు అప్పజెప్పేవాడు కాదు ఆయన."

సాహిరా ఏడుస్తూనే నవ్వింది. వేలమంది పాఠకుల్లో ఒక్కరికీ తట్టని ముగింపు అది, ఆమెకూ తట్టలేదు. ఆయన చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పెద్దాయనకు అక్కడ ఇంకా కూర్చుంటే తనకీ కళ్ళు తడుస్తాయని భయం వేసింది. "నమాజుకు పోయొస్తా. కొట్టు చూస్తా ఉండండి," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. నమాజుకు ఇంకా చాలా టైముంది.

ఇద్దరే మిగిలారు. ఫ్లెక్సీలు, మెసేజ్‌లు, ఏనుగులు ఏవీ సాయం రాలేదు.

"నాకు మీ మీద కోపం ఇంకా ఉంది," అంది సాహిరా.

"ఉండాలి. మీరంటే నాకు ఇష్టం," అన్నాడు అర్మాన్. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. "ముందు సారీ చెప్పి, తర్వాత ఇది చెబుదామనుకున్నా. వరస తప్పింది."

"యుద్ధంలో మిమ్మల్ని ఎవరు చేర్చుకున్నారో గానీ," అని ఆమె తల వంచుకుంది. స్కార్ఫ్ అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది, "నాకూ ఇష్టమే. మెసేజ్ రాని రోజు బస్సు ఎంత మెల్లగా పోతుందో మీకేం తెలుసు!"

"మరి జవాబెందుకు ఇవ్వలేదు?"

"అవతలి పక్షం కదా. కాస్త ఏడవనిద్దామని."

"ఇప్పుడు మీ పక్షంలో చేరొచ్చా?"

"వద్దు. మీరు అక్కడే ఉండండి," అంది ఆమె తల ఎత్తి. "మా నాయన వైపు ఒక మనిషి ఉండాలి. నేనెటు పోయినా."

నమాజుకు పోయిన మనిషి గుమ్మం బయటే నిలబడి ఉన్నాడని ఇద్దరిలో ఎవరూ చూడలేదు. చాంద్ బాషా గట్టిగా దగ్గారు.

"టోపీ మర్చిపోయినా," అన్నారు. టోపీ నెత్తి మీదే ఉంది. "అబ్బయా, మీ పెద్దోళ్ళని శుక్రవారం నమాజు అయినాక రమ్మను. మాట్లాడదాం."

"వాళ్ళు కోవూరు చాచా," అన్నాడు అర్మాన్.

"గోడే లేదంటుంటే కోవూరైతే ఏంది, చెన్నై అయితే ఏంది!" అని కసిరారు ఆయన. ఆ కసురు విని సాహిరాకు నవ్వు ఆగలేదు.

నవ్వుతూనే ఫోన్ తీసింది. నాయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఆఖరి అధ్యాయం అక్కడే మొదలుపెట్టింది. క్షారవర్మ సమ్మెట ఎత్తాడు. చాంద్ బాషా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆమె భుజం మీదుగా వంగి ఒక్కో వాక్యం చదివారు. కాసేపటికి ఆయన వేలు తెర మీదికి వచ్చింది.

"ఒక్క దెబ్బకే పడిందని రాయబాక తల్లీ," అన్నారు. "చానా కష్టపడితే గానీ పడలేదని రాయి."

సాహిరా ఆ వాక్యం చెరిపేసి, మళ్ళీ రాసింది.